గిటారు పెట్టెలోని తాపము

విద్యుద్గిటారు తనంతట తాను మిక్కిలి అల్పస్వరము గల వాద్యము. దాని తంత్రులను మీటినపుడు, వాని క్రింద నమర్చిన అయస్కాంతపు చుట్టలో జనించు విద్యుత్తరంగము వోల్టులో కొన్ని వందవ వంతులు, మహా యైనచో కొన్ని పదవ వంతులు మాత్రమే. ఆ స్వల్పతరంగమును సభాభవన మంతటను నిండు నాదముగా పెంపొందించు భారము సమస్తమును దాని ప్రక్కనుండు యాంప్లిఫయరుపైననే యున్నది. పాలకొల్లులో జన్మించి, విద్యున్మాండొలినుపై కర్ణాటక సంగీతమును దేశదేశములకు వినిపించిన ఉప్పలపు శ్రీనివాసుగారి వాద్యము వంటిదానికైనను, మన పట్టణములలోని చర్చిలలో ఆదివారపు ఆరాధనకు వాయించు గిటారునకైనను, కళాశాలల వార్షికోత్సవములందలి వాద్యబృందములకైనను ఇట్టి పెట్టె యొకటి లేక గడవదు. అట్టి పెట్టె గంటసేపు పనిచేసిన పిదప, పైపలకపై చేయి నిలుపలేనంతగా వేడెక్కినపుడు దాని యజమానులు సాధారణముగా రెండు మార్గములలో నొకదానిని అవలంబింతురు. కొందరు భయపడి, దోషమేమియు లేని యంత్రమును మరమ్మతునకిచ్చి సొమ్ము పోగొట్టుకొందురు. మరికొందరు "ఇవన్నియు వేడెక్కునవే" యని యుపేక్షించి, పది రూపాయల కండెన్సరు మార్చినచో తీరిపోవు దోషమును ట్రాన్సుఫార్మరు దగ్ధమగు వరకు రానిత్తురు. వేడి యుండుట ఈ యంత్రమునకు సహజము. ఆ వేడి ఎచ్చట, ఎంతసేపటికి, ఏ రూపమున పుట్టుచున్నదో కనిపెట్టుటలోనే మరమ్మతు పనిలో సగము ముగియును.

ప్లగ్గునుండి యాంప్లిఫయరు గ్రహించు విద్యుచ్ఛక్తిలో కొంతభాగమే స్పీకరునకు చేరును. తక్కినదంతయు ఎచ్చటనో యొకచోట ఉష్ణముగా మారక తప్పదు. ఈ వ్యయము నిర్మాణపద్ధతిని బట్టి యుండును. వాయించినను వాయింపకున్నను నిండు కరెంటును ప్రవహింపజేయు 'ఏ' తరగతి యాంప్లిఫయరు, ట్రాన్సుఫార్మరు ద్వారా స్పీకరునకు కలుపబడినపుడు సైతము, సిద్ధాంతరీత్యా నూటికి 50 పాళ్ళను మించి నాదముగా నీయజాలదు. తరంగములోని రెండు సగములను రెండు సాధనములు పంచుకొని మోయునట్టి 'బి' తరగతికి ఆ పరిమితి నూటికి 78.5 పాళ్ళు. ఆచరణలో ఈ యంకెలు ఇంకను తగ్గును. గిటారు యాంప్లిఫయర్లలో పెక్కు ఈ రెంటికి నడుమనున్న 'ఏ-బి' తరగతికి చెందినవి. కావున 50 వాట్ల నాదము నిచ్చు పెట్టెనుండి దాదాపు అంతకంత ఉష్ణము వెలువడుటలో ఆశ్చర్యపడవలసినది లేదు.

అందును వాల్వులతో పనిచేయు యాంప్లిఫయరు మాట చెప్పనక్కరలేదు. దానికి వేడియే జీవము. 1904లో ఇంగ్లండునందు జాన్ ఆంబ్రోజ్ ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును, 1906లో అమెరికాయందు లీ డి ఫారెస్టు దానికి మూడవ ధ్రువమైన గ్రిడ్డును నిర్మించిరి. తప్తలోహమునుండి ఎలక్ట్రానులు వెలువడు విధమును నిరూపించినందులకే ఓవెన్ రిచర్డ్‌సనునకు 1928వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించినది. వాల్వులోని ఋణధ్రువమైన కాథోడు ఎఱ్ఱగా కాగినగాని ఎలక్ట్రానులు బయలుదేరవు. అవి బయలుదేరనిదే శబ్దము లేదు. 1947లో బెల్ ప్రయోగశాలయందు ట్రాన్సిస్టరు అవతరించిన పిమ్మట రేడియోలును, టెలివిజనులును, గణనయంత్రములును ఒకటొకటిగా వాల్వులను విడిచిపెట్టినను, గిటారు వాయించువారు మాత్రము వానిని విడువలేదు. తన శక్తిని మించి పనిచేయించినపుడు వాల్వు పుట్టించు వక్రనాదము చెవికి కర్కశముగా నుండక, వాయించువాని వ్రేలి యొత్తిడి ననుసరించి పలుకును గనుక ఆ రుచిని వారు వదలుకొనలేకపోయిరి. ఆ రుచికి చెల్లింపవలసిన మూల్యము ఈ తాపమే.

ఆ మూల్యమెంతయో లెక్క వేసి చూడవచ్చును. రెండు ఇ.ఎల్.34 వాల్వులును, మూడు ఇ.సి.సి.83 వాల్వులును గల 50 వాట్ల పెట్టె నొకదానిని తీసికొందము. ఇ.ఎల్.34 లోని హీటరు 6.3 వోల్టుల వద్ద 1.5 ఆంపియర్లు త్రాగును, అనగా తొమ్మిదిన్నర వాట్లు, రెంటికి 19. చిన్న వాల్వులు ఒక్కొక్కటి రెండు వాట్లకు కొంచెము తక్కువ. మూడింటికి దాదాపు 6. ఇక నొక్క స్వరమైనను మీటకముందే పెద్ద వాల్వులలో ఎలక్ట్రానులను గ్రహించు ప్లేట్లు ఒక్కొక్కటి సుమారు 17 వాట్ల చొప్పున ఉష్ణమును వెదజల్లుచుండును. అది యింకొక 34. అన్నియు కలిపి, ట్రాన్సుఫార్మరులో వ్యర్థమగు కొన్ని వాట్లను విడిచినను, నిశ్శబ్దముగా నిలిచియున్న పెట్టెనుండియే 60 వాట్ల వేడి పుట్టుచున్నది. గాలి సరిగా తగులని చెక్కపెట్టెలో పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బును గంటసేపు వెలిగించి, పైపలకను ముట్టి చూచినవానికి ఈ యంకె యర్థమగును.

కొన్ని పేరుమోసిన యంత్రములు ఈ విషయమున మఱింత తీవ్రములు. లండను పశ్చిమభాగమున హాన్వెల్‌నందు డ్రమ్ములమ్ము దుకాణము నడుపుచుండిన జిమ్ మార్షల్, అమెరికానుండి వచ్చు ఫెండరు బాస్‌మన్ యాంప్లిఫయరును ఒరవడిగా గైకొని, కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనువారి సహాయమున 1962లో జె.టి.ఎమ్.45 అను దానిని వెలువరించెను; తరువాతి సంవత్సరములలో ఆ వంశము ఇ.ఎల్.34 వాల్వులను స్వీకరించి, రాక్ సంగీతపు కంఠస్వరమునే మార్చివేసినది. అంతకు ముందే, కెంటు జిల్లాలోని డార్ట్‌ఫర్డ్ పట్టణమున టామ్ జెన్నింగ్స్ నడుపుచుండిన కర్మాగారములో డిక్ డెన్నీ రూపొందించిన వాక్స్ ఏ.సి.30 బయలుదేరినది. షాడోస్ బృందమువారును, పిదప బీటిల్సును వాడిన యీ పెట్టెలో నాలుగు ఇ.ఎల్.84 వాల్వులు కలవు. ఇ.ఎల్.84 ప్లేటు సహింపగల పరిమితి 12 వాట్లు, ఏ.సి.30 నందు అవి మౌనముగా నున్నపుడు సైతము ఆ పరిమితి యంచుననే, ఒక్కొక్కప్పుడు దానిని దాటియు, పనిచేయుచుండును. అందుచేతనే దాని పైకప్పున గాలిజాలీలు అమర్చబడినవి. ఆ జాలీలపై గుడ్డ కప్పుటయు, గిటారు పెట్టెను పెట్టుటయు, కాఫీ గ్లాసు నిలుపుటయు ఆ యంత్రమునకు ద్రోహము చేయుటయే.

పరీక్షకు తొలుత కావలసినవి కన్ను, ముక్కు, చేయి, స్క్రూడ్రైవరు తరువాత. గంటసేపు మెల్లమెల్లగా వేడెక్కి, ఒక స్థాయికి చేరి యచ్చట నిలిచిపోవు వేడి సహజము. అయిదు నిమిషములలో భగ్గుమని, నిలువక పెరుగుచునే యుండునది దోషము. వాయింపకున్నను మిక్కుటముగా వేడెక్కుచున్నచో, పిదప వివరింపబోవు బయాసును శంకింపవలయును. గట్టిగా వాయించినపుడు మాత్రమే యైనచో స్పీకరుల సంధానమును చూడవలయును. ఒక గదిలో బాగుగా నుండి, వేఱొక గదిలో గోడకానించినపుడు మాత్రమే యైనచో లోపము గాలిదేగాని పెట్టెది కాదు. ట్రాన్సుఫార్మరుపై అరచేయి కొన్ని క్షణములు ఆనించి యుంచగలిగినచో భయము లేదు. వ్రేలు తాకగనే వెనుకకు లాగుకొనవలసి వచ్చినను, వార్నిషు కాలు వాసన ముక్కునకు తగిలినను, అంచులనుండి మైనము వంటిది కారుచున్నను ఆ క్షణమే ప్లగ్గు తీయవలయును. చాలనాళ్ళు మూలపడియున్న పెట్టెను మరల వెలిగించినపుడు వాల్వులపైని దుమ్ము మాడి యొకవిధమైన వాసన వచ్చుట కలదు. అది కొలదిసేపటిలో దానంతటది పోవును.

వాల్వుల నిగారింపును చదువుట యొక విద్య. దీపములార్పి, గది చీకటి చేసి, పెట్టె వెనుకనుండి చూడవలయును. వాల్వు నడుమ, కాథోడు కొనయందు కనబడు నారింజరంగు వెలుగు హీటరుది, అది యుండవలసినదే. గాజు లోపలి యంచున నీలిరంగు మసకవెలుగు తారాడుచు, స్వరమునకు స్వరము కదలాడుటయు సాధారణమే. దానిని చూచి వాల్వులు మార్చినవారెందరో కలరు, ఆ సొమ్మంతయు వృథా. భయపడవలసినది వేఱొకటి. నడిమి భాగమును చుట్టియుండు బూడిదరంగు ప్లేటుపై, ముఖ్యముగా రెండు రేకులు కలియు అతుకువద్ద, మొదట చింతపిక్కయంత మేర మందముగా నొక ఎఱ్ఱని మచ్చ పొడచూపును. అది క్రమముగా వెడల్పగుచు, నిమిషములోపల ప్లేటంతయు కొలిమిలోని యినుమువలె నగును. ఇదియే ప్లేటు ఎఱ్ఱబారుట. ఇంకను వాయించుచునే యున్నచో లోపలి వాయువులు వెలువడి, గ్రిడ్డు వంగిపోయి, ఒకటి రెండు నిమిషములలో వాల్వు నశించును; నశించుచు తనతో ఫ్యూజునో, తెర గ్రిడ్డు రెసిస్టరునో, దురదృష్టమైనచో ఔట్‌పుట్ ట్రాన్సుఫార్మరునో తీసికొనిపోవును. మచ్చ కంటబడగనే స్టాండ్‌బై స్విచ్చి నొక్కవలయును.

అట్లు ఎఱ్ఱబారుటకు మూలమేమి? వాల్వులోని గ్రిడ్డు కాలువ తూమునకు బిగించిన తలుపువంటిది. కాథోడునుండి ప్లేటునకు ప్రవహింప గోరు ఎలక్ట్రానులను, గ్రిడ్డున కిచ్చిన ఋణవిద్యుత్పీడనము అడ్డగించి, కొంతమాత్రమే పోనిచ్చును; గిటారు తరంగము ఆ తలుపును పైకి క్రిందికి కదలించుచుండ, ప్లేటులోని మహాప్రవాహము దాని ననుసరించి హెచ్చుచు తగ్గుచుండును. వాయింపనపుడు తలుపెంతవఱకు మూసియుండవలయునో నిర్ణయించు ఆ ఋణపీడనమునకే బయాసని పేరు. ఇ.ఎల్.34కు ప్లేటునందు 450 వోల్టులున్నపుడు గ్రిడ్డునందు సుమారు 38 వోల్టుల ఋణపీడనము కావలసి యుండును. అది 28కి తగ్గినదా, తలుపు తెఱచుకొన్నట్లే. ప్రవాహము పెల్లుబికి ప్లేటు కాగిపోవును.

ఆ పీడనము తగ్గుటకు మిక్కిలి సాధారణమైన కారణము, నా యభిప్రాయమున అందఱును మొట్టమొదట చూడవలసినదియు, కప్లింగ్ కండెన్సరు కారుట. పెద్ద వాల్వుకు ముందున్న చిన్న వాల్వు ప్లేటునందు రెండు వందలకు పైబడిన ధనవోల్టులుండును. ఆ వోల్టులను అడ్డగించి, సంగీతతరంగమును మాత్రము ముందునకు పంపుట ఈ కండెన్సరు ధర్మము. వయసు మీఱినపుడు దీని లోపలి పొర యించుక చెడి, సూక్ష్మప్రవాహమొకటి ముందునకు జారును. ఎంత సూక్ష్మమనగా, గ్రిడ్డునుండి బయాసు సరఫరాకు రెండు లక్షల ఇరువదివేల ఓముల రెసిస్టరుండు మార్షల్ తరహా పెట్టెలో, 45 మైక్రోఆంపియర్లు, అనగా ఆంపియరులో ఇరువది రెండువేలవ వంతు కారినచో చాలును, గ్రిడ్డు పీడనము పది వోల్టులు మారిపోవును. ఇంతటి యల్పదోషము ఇంతటి యనర్థమును దెచ్చుట ఈ యంత్రశాస్త్రమున నన్ను మిక్కిలి ఆకర్షించు విషయము. సాధారణ మల్టీమీటరుతో ఆ కండెన్సరును విడిగా తీసి కొలిచినచో నిక్షేపముగా నున్నట్లే చూపును. పనిలోని వోల్టులు దానిపై పడినపుడే గాని అది తన బుద్ధి బయటపెట్టదు.

కారణము వాల్వులోనున్నదా, వలయములోనున్నదా యని తేల్చుటకు ఖర్చులేని యుపాయమొకటి కలదు. పెట్టె నార్పి, చల్లారనిచ్చి, రెండు పెద్ద వాల్వులను ఒకదాని స్థానమున నొకటి మార్చి పెట్టవలయును. మరల వెలిగించినపుడు ఎఱ్ఱదనము వాల్వుతోగూడ క్రొత్త స్థానమునకు పోయినచో దోషము వాల్వుది. వాల్వు మారినను ఎఱ్ఱదనము మునుపటి సాకెట్టుననే నిలిచినచో దోషము వలయముది. రెండును ఎఱ్ఱబారినచో, రెంటికిని ఋణపీడనము నిచ్చు బయాసు సరఫరాయే చెడినదని యూహింపవచ్చును. అందలి డయోడో, ఎండిపోయిన ఎలక్ట్రొలిటిక్ కండెన్సరో, అరిగిన బయాసు కంట్రోలో నేరస్థుడగును. ఒక్కటే యెఱ్ఱబారి, అదియు పెట్టెను కదలించినపుడు వచ్చుచు పోవుచుండినచో, సాకెట్టులోని గ్రిడ్డు పిన్ను పట్టు సడలినదేమో చూడవలయును. వదులైన రేకును సన్నని సూదితో బిగించుటతో ఆ బాధ తీరును.

ఇచ్చటనుండి పెట్టె తెఱచి చేయవలసిన పని గనుక ప్రాణభయమును గూర్చి స్పష్టముగా చెప్పవలసియున్నది. వాల్వు యాంప్లిఫయరునందలి ఫిల్టరు కండెన్సర్లలో 400 నుండి 500 వోల్టుల విద్యుత్తు నిలువయుండును. ప్లగ్గు తీసిన తరువాతను అది యచ్చటనే యుండవచ్చును. మన ఇండ్లలోని 230 వోల్టుల కరెంటు తగిలి బ్రదికినవారు ఈ 450 వోల్టుల ప్రత్యక్షప్రవాహమును తేలికగా తలపరాదు. ప్లగ్గు తీసి, తగిన రెసిస్టరును కప్పుగల తీగలతో కండెన్సరునకును చాసీకిని నడుమ కొంతసేపు కలిపి, మీటరుతో కొలిచి, శేషము కొద్ది వోల్టులకు దిగినదని చూచుకొన్న పిదపనే లోపల చేయి పెట్టవలయును. వెలుగుచున్న పెట్టెలో కొలత తీయవలసి వచ్చినచో ఒక్క చేతినే వాడి, రెండవ చేతిని జేబులో నుంచుకొనుట పాత రేడియో మెకానిక్కుల నియమము. ఈ పనికి అలవాటు పడనివారు వాల్వుల మార్పిడితోను, చీకటిలోని పరిశీలనతోను ఆగిపోయి, చూచినదంతయు కాగితముపై వ్రాసి మెకానిక్కున కిచ్చినచో అతని శ్రమయు, తమ ధనమును మిగులును.

తెఱచినవారు చేయవలసినది యిది. పెద్ద వాల్వులను తీసివేసి, పెట్టె వెలిగించి, సాకెట్టులోని అయిదవ పిన్ను, అనగా గ్రిడ్డు, వద్ద వోల్టులను కొలువవలయును. రెండు సాకెట్లయందును సమానమైన ఋణసంఖ్య కనబడవలయును. ఒకచోట 38, ఇంకొకచోట 28 యున్నచో, తక్కువ యున్నదాని కప్లింగ్ కండెన్సరు కారుచున్నదనుటకు సందేహము లేదు. దానిని, వయసొక్కటే గనుక దాని జతను గూడ, మార్చివేయుట మేలు. ఒకచోట సున్న యున్నచో గ్రిడ్డు రెసిస్టరో, సాల్డరింగో తెగినది. పీడనములు సరియైన పిదప వాల్వులను పెట్టి బయాసును అమర్చవలయును. ప్లేటు పరిమితిలో నూటికి 70 పాళ్ళను దాటనీయకుండుట మెకానిక్కులు పాటించు మర్యాద: 25 వాట్లలో 70 పాళ్ళనగా పదిహేడున్నర వాట్లు, దానిని 450 వోల్టులచే భాగించినచో 39 మిల్లీఆంపియర్లు వచ్చును. కాథోడునకును నేలకును నడుమ ఒక ఓము రెసిస్టరున్నచో మీటరు నేరుగా 39 మిల్లీవోల్టులను చూపును. వాల్వులు మార్చిన ప్రతిసారియు ఈ కొలత చేయవలయును. ఒకే పేరుగల రెండు వాల్వులు ఒకే బయాసునకు ఒకే ప్రవాహము నియ్యవు. పాతవానిని తీసి క్రొత్తవానిని గ్రుచ్చి వాయించుటతోనే ఎఱ్ఱబారిన పెట్టెలు లెక్కకు మిక్కిలి.

ఫ్యూజు విషయమున గట్టిగా చెప్పక తప్పదు. దోషముగల పెట్టెలో ఫ్యూజు పోవుట ఆ యంత్రము తన్ను తాను రక్షించుకొనుట. పోయిన ఫ్యూజునకు బదులు పెద్ద ఫ్యూజు పెట్టుటయు, మన యిండ్లలో మెయిను స్విచ్చికి చేయునట్లు రాగితీగ పేటలు చుట్టుటయు, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టుటయు, కచ్చేరి నడుమ ఎంత యవసరము వచ్చినను, చేయరాని పనులు. అప్పటినుండి ఫ్యూజు స్థానమున కాలవలసినది ట్రాన్సుఫార్మరు.

స్పీకరుల సంధానమున వాల్వు పెట్టెకును, ట్రాన్సిస్టరు పెట్టెకును ధర్మములు భిన్నములు. 8 ఓముల స్పీకర్లు రెంటిని ప్రక్కప్రక్కన కలిపినచో 4 ఓములగును. 8 ఓములకు నిర్మింపబడిన ట్రాన్సిస్టరు యాంప్లిఫయరునకు ఈ 4 ఓములను తగిలించినచో అది ఇంచుమించు రెండింతల కరెంటు నీయబోయి, తన హీట్‌సింకును కాల్చుకొనును. స్పీకరు తీసివేసినచో దానికి బాధ లేదు. వాల్వు యాంప్లిఫయరునకు దాదాపు విపర్యయము: స్పీకరు లేకుండ గట్టిగా వాయించుటయే దానికి మృత్యువు, ఏలయన ఔట్‌పుట్ ట్రాన్సుఫార్మరునందు శక్తికి పోవు త్రోవ లేక, వేల వోల్టుల పోటు పుట్టి, చుట్టల కప్పును చీల్చును. వెనుకనున్న ఓముల స్విచ్చిని పెట్టెతో సరిచూచుకొనుట క్షణకాలపు పని. గిటారు త్రాడును స్పీకరు త్రాడుగా వాడుట మఱియొక సామాన్యదోషము. చూచుటకొకే తీరుగా నున్నను, సన్నని ఆ త్రాడు భారీ ప్రవాహమును మోయలేక తానే వేడెక్కును.

మన ఊళ్ళలో ఎక్కువమంది వాడునవి ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు. వీనికి హీటర్లు లేవు గనుక నిశ్శబ్దముగా నున్నపుడు గోరువెచ్చగా మాత్రమే యుండవలయును. వాయింపకుండగనే హీట్‌సింకు మండుచున్నదనగా బయాసు చెడినదనియో, చెవికి వినరాని యత్యున్నత స్థాయిలో యంత్రము తనలో తాను కంపించుచున్నదనియో తెలిసికొనవలయును. ట్రాన్సిస్టరు డిగ్రీ వేడెక్కుకొలది దానిని తెఱచుటకు కావలసిన వోల్టు సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గును. అందుచే వేడివలన ప్రవాహము, ప్రవాహమువలన వేడి యొకదానినొకటి పెంచుకొని నాశమునకు దారితీయును. దీని నరికట్టుటకే బయాసును నిర్ణయించు చిన్న ట్రాన్సిస్టరును పెద్దవాని ప్రక్కననే హీట్‌సింకునకు అంటింతురు. మరమ్మతు చేసినవాడు దానిని మరల బిగింపక గాలిలో వ్రేలాడదీసినచో యంత్రము కొలదినాళ్ళలో మరల కాలును. ట్రాన్సిస్టరునకును హీట్‌సింకునకును నడుమ పూసిన తెల్లని పేస్టు ఏండ్లు గడచి సున్నమువలె ఎండి రాలుట యింకొక కారణము; పాతది తుడిచి, పలుచగా క్రొత్తది పూయుటతో పెక్కు పెట్టెలు చల్లబడును. 'బి' తరగతి లెక్క ప్రకారము ట్రాన్సిస్టర్లు మిక్కిలి వేడెక్కునది నిండుశబ్దమునందు గాక, గరిష్ఠశక్తిలో నూటికి నలువది పాళ్ళ ప్రాంతమున; కావున "నేను సగమే పెట్టితినిగదా" యను వాదము చెల్లదు. అఱగంట వాయించిన పిదప శబ్దమాగి, కొంతసేపటికి తానే మరల పలుకు పెట్టెలో ఉష్ణరక్షణ పనిచేయుచున్నదని గ్రహింపవలయును.

అమెరికానుండి తిరిగి వచ్చు మన తెలుగువారు తెచ్చుకొను యాంప్లిఫయర్లకు సంబంధించిన సంగతి యొకటి కలదు. అచ్చటి విద్యుత్తు 120 వోల్టులు, సెకనుకు 60 ఆవృత్తులు. ఇచ్చట 230 వోల్టులు, 50 ఆవృత్తులు. స్టెప్‌డౌన్ ట్రాన్సుఫార్మరు వోల్టులను తగ్గించునుగాని ఆవృత్తులను మార్చజాలదు. 60 ఆవృత్తులకు మాత్రమే తగినంత యినుముతో చేసిన ట్రాన్సుఫార్మరును 50 వద్ద నడిపినపుడు దాని లోపలి అయస్కాంతప్రవాహము నూటికి 20 పాళ్ళు పెరిగి, ఇనుము సంతృప్తమై, వాల్వులలో నెట్టి దోషమును లేకున్నను ట్రాన్సుఫార్మరు కాగును, రొద చేయును. రెండు ఆవృత్తులకును తగినదని పెట్టె వెనుక వ్రాసియున్నచో చింత లేదు. 60 యని మాత్రమే యున్నచో, ట్రాన్సుఫార్మరును ఇచ్చటి విద్యుత్తునకు తగినదానితో మార్పించుటయే సరియైన మార్గము.

ఇక ఫంకా మాట. సహజమైన వేడిని త్వరగా బయటకు పంపుటకు, గోడనుండి జానెడు దూరము జరిపి, వెనుక చిన్న ఫంకా నుంచుట మంచిదే. ముఖ్యముగా మన వేసవిలో, ఫెండరు కాంబోలవలె వాల్వులు తలక్రిందులుగా వ్రేలాడి వాని వేడి నేరుగా పైనున్న చాసీకి తగులు పెట్టెలకు అది యెంతయో మేలు చేయును. ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్ల యాయువు పది డిగ్రీల వేడి పెరిగిన కొలది సగమగునని యింజనీర్ల సామాన్యగణితము. పది డిగ్రీలు తగ్గించిన ఫంకా వాని యాయువును రెట్టింపు చేసినట్లే. ఎఱ్ఱబారుచున్న వాల్వునకు మాత్రము ఫంకా పెట్టుట కారణమును కప్పిపుచ్చుటయే యగును. గాజు చల్లబడును గాని లోపలి ప్లేటునకు శూన్యము నడ్డముగా గాలి యెట్లు తగులును?

మరమ్మతైన పెట్టెను నేరుగా ప్లగ్గునకు తగిలింపక, మన రేడియో దుకాణములలో నెల్లప్పుడును సిద్ధముగా నుండు సిరీస్ బల్బు ద్వారా వెలిగింపవలయును. అందు 100 వాట్ల ఫిలమెంటు బల్బే యుండవలయును, ఎల్.ఇ.డి. పనికిరాదు. బల్బు ఒకసారి మిలమిలలాడి మసకబారినచో లోపల షార్టు లేదు. నిండుగా వెలుగుచునే యున్నచో ఇంకను వెదకవలసినది కలదు. పిమ్మట బల్బు తీసి, పూర్తి వోల్టులపై బయాసును మరల కొలిచి, వెనుక పలకను బిగించి, గంటసేపు వాయింపవలయును; పలక తీసియుంచి చేసిన పరీక్షలో గాలి యెక్కువ తగులును గనుక అది సత్యమును చెప్పదు. గంట ముగిసినవెంటనే, చల్లారనీయక, చీకటిలో ప్లేట్లను చూచి, కాథోడు కొలతను తీసికొనవలయును. తొలుత 39 మిల్లీవోల్టులుండినది 41, 42 వద్ద నిలిచినచో పెట్టెను కచ్చేరికి పంపవచ్చును. 50 దాటియు పెరుగుచునే యున్నచో ఆ వాల్వును తీసివేసి, వేఱొక జత పెట్టి, కొలతను మొదటినుండి ప్రారంభింపవలయును.